పదివేల ఏడు మొక్కలు, ఒక ఇప్పచెట్టు

జామాయిల్ తోటల్లో ఫీల్డ్ అసిస్టెంటుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. ఆ ఉద్యోగంలో నాకు ముగ్గురు శత్రువులు: చెదపురుగు, మేక, పదివేల ఏడు. మొదటిదానికి మందుంది, రెండోదానికి కంచె ఉంది. మూడోదానికి ఏమీ లేదు. ఈమధ్యనే ఉద్యోగాల్లో చేరి, చేతికి ట్యాబ్ ఇవ్వగానే అడవి మొత్తం అందులో పడుతుందని నమ్ముతున్న పిల్లల కోసం ఆ మూడో శత్రువు గురించి రాస్తున్నాను.

ముందు నా చదువు సంగతి చెప్పాలి, ఎందుకంటే నేను ఎక్కడ అవకాశం దొరికినా అదే ముందు చెబుతాను. బడిలో చదివింది పదో తరగతి. మిగతాదంతా మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయం పుణ్యం. అక్కడ నవలల కోసం పోటీ ఉండేది, ఉద్యోగ పరీక్షల పుస్తకాల కోసం కొట్లాటే జరిగేది. కింది అరలో ఉన్న విజ్ఞానశాస్త్రం జోలికి మాత్రం నేనూ, చెదలూ తప్ప ఎవరూ వెళ్లేవారు కాదు. చెదల సంగతి వృత్తిరీత్యా నాకు తెలుసు కాబట్టి వాటికంటే ముందే చదివేయాలని తొందరపడేవాణ్ణి.

అలా దొరికిందే అంకెల గురించిన ఒక పుస్తకం. ముందు పేజీలు లేవు, ఎవరు రాశారో తెలియదు. ప్రధాన సంఖ్యల గురించి అందులోనే నేర్చుకున్నాను. మా భాషలో చెబితే, పన్నెండు మొక్కలు ఉంటే వరుసకు నాలుగు చొప్పున మూడు వరుసలు వేయొచ్చు. పదమూడు ఉంటే ఎలా వేసినా సమానమైన వరుసలు రావు. అన్నీ ఒకే వరుసలో పెట్టాలి, లేదా ఒకటి చేతిలో మిగులుతుంది. అలా వరుసలకు లొంగని సంఖ్యే ప్రధాన సంఖ్య. అవి చిన్న అంకెల్లో దగ్గర దగ్గరగా ఉంటాయి, పెద్ద అంకెల్లోకి పోయేకొద్దీ పలచబడతాయి, కానీ ఎప్పటికీ అయిపోవు. ఈ చివరి సంగతి చదివిన రోజు సాయంత్రం నేను ఇంటికి మామూలు మనిషిలా వెళ్లలేదు.

ఆ పుస్తకంలోని తమాషాలు టీ కొట్టు దగ్గర మా మేస్త్రీకి చూపించేవాణ్ణి. మా తోటలన్నింటిలో కూలీలను నడిపించేది ఆయనే. "ఏదన్నా మూడంకెల సంఖ్య అనుకో. ఏడుతో గుణించు, పదకొండుతో గుణించు, పదమూడుతో గుణించు" అనేవాణ్ణి. ఏడు, పదకొండు, పదమూడు ఈ మూడింటి లబ్ధం వెయ్యిన్నొకటి కాబట్టి అదే సంఖ్య రెండుసార్లు పక్కపక్కన వస్తుంది.

మేస్త్రీ ఫోనులో గుణించి చూసి, "అవ్ సార్, నాలుగు వందల ముప్పై ఏడు పక్కన మల్లా నాలుగు వందల ముప్పై ఏడే వచ్చింది" అని, టీ గ్లాసు కింద పెట్టి, "అయితే ఏంది?" అనేవాడు.

నేను ఇంకో మూడంకెల సంఖ్య అనుకోమనేవాణ్ణి.

నేను రిటైర్ కావడానికి కొద్దిగా ముందు, ములకలపల్లి వైపు అడవి అంచున జామాయిల్ నాటడానికి మాకు కొత్త బ్లాకు ఇచ్చారు. ఎండాకాలంలో డోజర్ పెట్టి నేల చదును చేయించాం. అంతా చదునైంది గానీ నడిమధ్యలో ఒక ఇప్పచెట్టు మిగిలిపోయింది. డోజర్ వచ్చిన వారమే ఇప్పపువ్వు రాలుతోంది. చెట్టు కింద ఒక ముసలామె గంప పెట్టుకుని కూర్చుంది, లేవలేదు. డ్రైవరు కాసేపు హారన్ కొట్టి, చెట్టు చుట్టూ తిప్పుకుని వెళ్లిపోయాడు.

బ్లాకు పక్కనే ఆమె ఉండే గిరిజన గూడెంలో ఒక కట్టుబాటుంది. ఒక్కో ఇప్పచెట్టుకు ఒక్కో ఇల్లు. ఆ ఇంటివాళ్లే చెట్టు కింద ఊడ్చి, ఆకు కాల్చి, నేల శుభ్రం చేసి పువ్వు ఏరుకుంటారు. చీలమండ దాకా రాలినా ఇంకొకరు వంగి ఒక్క పువ్వు ముట్టరు. ఈ చెట్టు ఆమె భర్త తాతల నుంచి వచ్చింది. భర్త పోయాడు, భూమి లేదు. పువ్వు ఎండబెట్టి సంతలో అమ్ముకోవడం, ఆ తర్వాత ఇప్పగింజల పలుకుల నుంచి నూనె తీయించుకోవడం, ఏడాది పొడుగునా ఆమెకు ఆధారం ఇదే. కాగితం మీద మాత్రం ఆ చెట్టు ఎవరిదీ కాదు. కాగితం మీద అసలు చెట్టే లేదు.

"అడవిల చెట్టు నీదెట్ల అయితది అవ్వా?" అని నేనే ఒకసారి అడిగాను.

"ఎవలదో ఒకలది ఉంటది సారూ. ఊరికే ఏ చెట్టూ ఉండది" అంది.

తొలకరి పడగానే నర్సరీ నుంచి మొక్కలు వచ్చాయి. మామూలుగా పదివేలు రావాలి. ఆ బ్యాచ్‌లో బతికినవన్నీ మాకే పంపారు కాబట్టి పదివేల ఏడు వచ్చాయి. ఏడు మొక్కలు ఎక్కువ వచ్చాయని మేస్త్రీ సంతోషించాడు. నేను కూడా సంతోషించాను. ఆ సంతోషం యాప్ తెరిచేదాకా ఉంది.

అంతకుముందు తోట లెక్క నోటితో చెబితే సరిపోయేది. ఆ ఏడాది నుంచి యాప్ వచ్చింది. అందులో అందిన మొక్కల సంఖ్య నర్సరీవాళ్లు నింపినట్టే వస్తుంది, మనం ముట్టుకోలేం. దాని కింద "ముందే ఉన్న చెట్లు" అని ఒక గడి. ఆ రెండూ కలిపి మొత్తం. ఆ కింద వరుసలు ఎన్ని, వరుసకు ఎన్ని అని రెండు గడులు. ఈ రెండింటి గుణకారం మొత్తానికి సరిపోతే తెర పచ్చగా అవుతుంది, గుంతలు తీయడానికి అనుమతి వస్తుంది. సరిపోకపోతే ఎర్రగా ఉంటుంది. తోట అంటే సమానమైన వరుసలే అని ఆ యాప్ చేసినవాళ్లకు ఎవరో చెప్పి ఉంటారు. వరుసలకు లొంగని సంఖ్యలు ఉన్నాయని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా మేనేజర్ సార్ సత్తుపల్లి వైపు మనిషి. ఇంటి దగ్గర మామిడి తోటలున్న కుటుంబం, మనసు మంచిది, ఓపిక తక్కువ. ట్యాబ్ చూసేది కంప్యూటర్ ఆపరేటర్ అమ్మాయి, జూలూరుపాడు నుంచి రోజూ బస్సులో వచ్చేది. ముందే ఉన్న చెట్ల గడిలో సార్ సున్నా వేయించారు. బ్లాకు శుభ్రంగా ఉండాలని పై నుంచి మాట. అంటే ఇప్పచెట్టు లేనట్టే, ఇక కొట్టడమే మిగిలినట్టు.

రెండు రోజులు ఆ అమ్మాయి వరుసలు మార్చి మార్చి కొట్టింది. తెర ఎర్రగానే ఉంది.

"ఏంటయ్యా ఇది? నువ్వు పుస్తకాలు చదువుతావు కదా, కాస్త చూడు" అన్నారు సార్.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నన్ను అలా అడిగింది ఆ ఒక్కసారే. ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు. నూరు నూర్లు పదివేలు కదా, కాబట్టి నూరు లోపున్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు, ఏదీ పోకపోతే అది ప్రధాన సంఖ్యే. రెండు, మూడు, ఐదు చూడగానే పోవు. ఏడుతో నాలుగు మిగిలింది. పదమూడుతో పది. ఇరవై మూడుతో రెండే మిగిలింది, ఆశ పుట్టింది. నలభై ఒకటితో మూడు. తొంభై ఏడు దాకా వెళ్లాను, పదహారు మిగిలింది. మర్నాడు కాగితం తీసుకుని సార్ ముందు నిలబడ్డాను.

"సార్, ఇది ప్రధాన సంఖ్య. దీన్ని వరుసల్లో పెట్టడం ఈ భూమి మీద ఎవరివల్లా కాదు."

నేను ఆశించింది మెచ్చుకోలు. సార్ కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. "కాదని చెప్పడానికి ఇంత లెక్క ఎందుకయ్యా? కాదని ట్యాబ్ రెండు రోజుల నుంచి చెబుతూనే ఉందిగా!"

మేస్త్రీ తనకు తోచిన దారి చూపించాడు. "ఏడు మొక్కలు మేక తిన్నదని రాయుండ్రి సార్. మా మేకనే తిన్నదని రాయుండ్రి, ఏం కాదు."

"చనిపోయినవి రాసే గడి నాటిన ఆరు నెలలకు గాని తెరుచుకోదన్నా" అంది అమ్మాయి.

"గంటే మొక్క సావాల్నన్నా ఆరు నెలలు ఆగాల్నా?"

తగ్గించడం కుదరదు కాబట్టి పెంచుదామని సార్ నిర్ణయించారు. నర్సరీ ఆ బ్యాచ్ మూసేసింది, వేరే రకం మొక్క అయితే యాప్ తీసుకోదు. వచ్చేపోయేవాళ్లకు చూపించడానికి నర్సరీ ఆఫీసు ముందు పెట్టుకున్న అదే రకం మొక్కలు రెండు మాత్రం ఉన్నాయి. ఒకటి చాలేమో అని సార్ అన్నారు. మేస్త్రీ మాత్రం రెండూ ఎత్తుకొచ్చాడు. మోటారుసైకిలు హ్యాండిల్‌కు అటొకటి ఇటొకటి తగిలించుకుని వచ్చి, "ఒక్కటే తెస్తే బండి ఒక్క దిక్కు గుంజుతది సార్" అన్నాడు. నర్సరీవాళ్లు ఆ రెంటినీ యాప్‌లో ఎక్కించేశారు. మొత్తం పదివేల తొమ్మిది.

నాకు అనుమానం వచ్చింది. మళ్లీ కూర్చున్నాను. ఏడు, పదకొండు, పదమూడు, వరసగా తొంభై ఏడు దాకా. ఏదీ పోలేదు. పదివేల తొమ్మిది కూడా ప్రధాన సంఖ్యే! మధ్యలో ఒక్క సంఖ్య ఎడంతో నిలబడే ఇలాంటి జంటలను కవల ప్రధాన సంఖ్యలంటారని నా పుస్తకంలో ఉంది. అలాంటి జంట ఒకటి మా షెడ్డులోకి, మోటారుసైకిలు మీద, నా కళ్లముందే రావడం నాకు ఆనందంగా ఉండింది. ఆ ఆనందం నా ముఖంలో కనిపించి ఉంటుంది.

"ఎందుకయ్యా నవ్వుతావు?" అన్నారు సార్.

"కవలలు సార్."

"ఎవరికి?"

చెప్పాను. సార్ ట్యాబ్ వైపు తిరిగారు. మేస్త్రీ మాత్రం, "నేను ఒక్కటే తెస్తే అయిపోవునా?" అని అడిగాడు. అయిపోయేది. పదివేల ఎనిమిదికి వరుసలు సుబ్బరంగా వస్తాయి. బండి బ్యాలెన్సు కోసం పోయింది.

మొక్కలు ట్రేలలో ఎండకు వాడిపోతున్నాయి. సాయంత్రం అమ్మాయికి విసుగు పుట్టి వరుసల గడిలో ఒకటి, వరుసకు ఎన్ని అన్నచోట పదివేల తొమ్మిది వేసింది. తెర పచ్చబడింది! అవును మరి, ప్రధాన సంఖ్య ఒప్పుకునే అమరిక అదొక్కటే. నాకు తెలిసిన విషయమే, కానీ దాన్ని ఎవరైనా నిజంగా పంపిస్తారని ఊహించలేదు. అమ్మాయి పంపించేసింది. సార్ ఆమెకు టీ తెప్పించారు.

యాప్ ఆ పచ్చని తెరతో ఆగలేదు, మ్యాపు కూడా గీసింది. మొక్కకూ మొక్కకూ మూడు మీటర్లు. అంటే మా తోట వెడల్పు ఒక మొక్క, పొడవు ముప్పై కిలోమీటర్లు. ములకలపల్లి అడవిలో మొదలైన గీత గుట్టలెక్కి, పొలాల మీదుగా పోయి, గోదావరి దాటి అవతలి గట్టున ఆగింది. నదిలో ఎన్ని మొక్కలు పడ్డాయో నేను లెక్క వేయబోతుంటే సార్ నా చేతిలో కాగితం లాక్కున్నారు.

రెండో రోజు హెడ్డాఫీసు నుంచి ఫోను. అంత పొడుగు తోట ఇంతవరకూ ఎవరూ వేయలేదట, పెద్దసారే స్వయంగా చూడటానికి వస్తున్నారట. రోడ్డు పక్క వరుసగా వేసిన తోట అనుకున్నారు వాళ్లు. మా సార్ వెంటనే తప్పు పడిందని చెప్పి ఎంట్రీని వెనక్కి తెప్పించారు. పెద్దసార్ రాక మాత్రం వెనక్కి పోలేదు.

పెద్దసార్ వచ్చే రోజు పొద్దున మా సార్ బ్లాకులోకి వస్తూనే, "వరుసల సంగతి తర్వాత. కనీసం బ్లాకు శుభ్రంగా కనపడాలి. మధ్యాహ్నంలోగా ఆ చెట్టు కొట్టెయ్యండి" అన్నారు. రంపం మిషను మనిషిని వెంట తెచ్చుకున్నారు. అది ఇప్పచెట్టు అని, పండ్ల చెట్లను సాధారణంగా వదిలేస్తారని నేను ఒక మాట అన్నాను. బ్లాకులో సున్నా అని పంపాం కదా అన్నారు.

ముసలామెకు ఎవరు చెప్పారో తెలియదు. మేం వెళ్లేసరికి చెట్టుకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. మేస్త్రీ ఆమె భాషలో ఏదో చెప్పాడు. ఆమె అంతకు రెండింతలు చెప్పింది. మేస్త్రీ మా వైపు తిరిగి అందులో సగం మాత్రమే తెలుగులో చెప్పాడు, మిగతా సగం మా గురించి అయి ఉంటుంది.

"లెవ్వు అవ్వా. సార్ల మాట" అన్నాడు.

ఆమె నా వైపు చూసింది. "గీ మొక్కలు లెక్కపెడతర్రు, పొద్దుకు పదిసార్లు లెక్కపెడతర్రు. గింత చెట్టు కండ్లకు కనపడతలేదా సారూ? కొడితే కొట్టుండ్రి గని, ఉన్న చెట్టును కొట్టినమని రాసి కొట్టుండ్రి. లేని చెట్టును ఎట్ల కొడతరు?"

ఆమె ఎత్తిపొడుపుగానే అంది. కానీ నేను నిబంధనల మనిషిని. నరికివేతకు యాప్‌లో అనుమతి తీసుకోవాలి. చెట్టు ముందు ఉన్నట్టు రాస్తేనే నరికివేత గడి తెరుచుకుంటుంది. ఆ సంగతి సార్‌కు చెప్పాను.

"సరే, ఒకటి అని రాసి పర్మిషన్ తీసుకోండి. కొట్టాక సున్నా చేద్దాం" అన్నారు సార్, విసుగ్గా.

అమ్మాయి ట్యాబ్ తెరిచింది. వరుసల గడుల్లో పొద్దున తను ప్రయత్నించిన లెక్క అలాగే ఉండిపోయింది. తొంభై ఒక్క వరుసలు, వరుసకు నూటపది. దానికి ఒక్క మొక్క తక్కువైందని బస్సు దిగగానే నాతో చెప్పింది. ఒక్కటైనా తేడా తేడానే అని నేను జ్ఞానబోధ చేశాను. ఇప్పుడు ముందే ఉన్న చెట్ల గడిలో సున్నా తీసి ఒకటి వేసింది.

తెర పచ్చబడింది.

పదివేల పది! వెయ్యిన్నొకటికి పది రెట్లు. ఏడు, పదకొండు, పదమూడు, నేను టీ కొట్టు దగ్గర ఊరందరికీ చూపించిన లెక్క. రెండు మొండి సంఖ్యల గుణగణాలన్నీ వారం రోజులుగా చదివాను గానీ, పక్కనే కూర్చున్న ఈ సాధువైన సంఖ్య వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఎలా పడితే అలా భాగాలకు లొంగే సంఖ్యలో విశేషం ఏముంటుందని నా ఉద్దేశం.

"ఇప్పుడు చెట్టు కొట్టేస్తే?" అన్నారు సార్, నెమ్మదిగా.

"మల్లా పదివేల తొమ్మిదే సార్. ఎర్రగ" అంది అమ్మాయి.

సార్ ట్యాబ్ వైపు చూశారు. చెట్టు వైపు చూశారు. రోడ్డు వైపు చూశారు, పెద్దసార్ కారు వచ్చేది అటునుంచే.

"మిషన్ ఆపవయ్యా" అన్నారు.

"ఇంకా స్టార్టే చెయ్యలే సార్" అన్నాడు మిషను మనిషి.

"అయినా ఆపు!"

ముసలామె మేస్త్రీని అడిగింది, ఏమైందని. "నీ చెట్టు లెక్కల వడ్డదే అవ్వా" అన్నాడు.

"ఇన్నొద్దులు లేదా?" అని, ఆమె కాళ్లు ముడుచుకుని లేచి చీర దులుపుకుంది.

ఇక వరుసలు ఆ చెట్టు నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే మొక్కను జరపగలం గాని చెట్టును జరపలేం. ఎప్పుడూ బ్లాకు మూల నుంచి లాగే తాడును ఈసారి ఇప్పచెట్టు మొదలుకు కట్టి నాలుగు దిక్కులకూ లాగాం. బెరడు ఒరుసుకుపోతుందని ముసలామె కేకలేసి, తాడు కింద తన గోనెపట్టా ముక్క మడిచి పెట్టింది. మొదటి గుంత తీయాల్సిన చోట చెట్టు ఉంది కాబట్టి ఆ ఒక్క గుంత శ్రమ తప్పిందని మేస్త్రీ కూలీలకు చెప్పాడు.

పెద్దసార్ వచ్చారు. ముప్పై కిలోమీటర్ల తోట గురించి అడగడం మరిచిపోయారు. చదునైన నేల మధ్యలో నిలబడ్డ చెట్టును చూసి, "ఇదేంటి?" అన్నారు.

మా సార్ నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. "జీవవైవిధ్యం సార్."

పెద్దసార్ ముఖం వెలిగింది. చెట్టు కింద ఫొటో తీయించుకున్నారు. అందులో మా సార్ ఉన్నారు, ట్యాబ్ ఉంది, నా మోచేయి కూడా ఉంది. ముసలామె లేదు, పక్కకు జరగమన్నారు. ప్రధాన సంఖ్యల గురించి పెద్దసార్‌కు రెండు మాటలు చెబుదామని ముందుకొచ్చాను. మా సార్ నన్ను మంచినీళ్లు తెమ్మని పంపారు.

నేను రిటైరయ్యాక ఒక సర్క్యులర్ వచ్చిందని విన్నాను. ఇకపై ప్రతి బ్లాకులోనూ కనీసం ఒక పాత చెట్టు వదలాలి, యాప్‌లో దాన్ని చూపాలి. మా సార్‌కు మెచ్చుకోలు పత్రం కూడా వచ్చింది. ఒక మొండి సంఖ్యను వరుసలో పెట్టడానికి పడ్డ పాట్లు పై ఆఫీసుకు చేరేసరికి ఒక విధానం అయ్యాయి. నాకు తెలిసి చాలా విధానాలు ఇలాగే పుడతాయి, కాకపోతే వాటి కథ రాసేవాళ్లు ఉండరు.

మొన్న వానలు మొదలయ్యాక ఫోను మోగింది. ఆ ఆపరేటర్ అమ్మాయి. ఇప్పుడు పరీక్ష రాసి, తనూ ఫీల్డ్ అసిస్టెంటై, దుమ్ముగూడెం వైపు పనిచేస్తోంది.

"సార్, మంచిగున్నరా? ఒక లెక్క అడుగుదామని. మాకు ఐదువేల రెండు మొక్కలొచ్చినయి. అరవై ఒక్క వరుసలు, వరుసకు ఎనభై రెండు, సాఫీగ కుదిరింది. సర్క్యులర్ ఉన్నది గదా, చెట్టు ఒకటి అని రాయంగనే మొత్తం ఎర్రగైంది."

"ఐదువేల మూడు" అన్నాను. పెన్ను కోసం ఇల్లంతా వెతికాను. డెబ్బై దాకా చూస్తే చాలు. ఏదీ పోలేదు. "ప్రధాన సంఖ్య తల్లీ" అన్నాను, ముసలితనంలో పాత శత్రువు ఎదురుపడితే కలిగే ప్రేమతో.

"ఆ చెట్టు కొట్టేస్తే కుదురుతది. కని సర్క్యులర్ ఒప్పుకోదు. ఇప్పుడెట్ల సార్?"

ఈసారి నేను మొండి సంఖ్య గుణగణాలు చెప్పలేదు, దాని పక్కకు చూశాను. రెండూ మూడూ తప్పిస్తే, ప్రధాన సంఖ్యకు ఒక్క అడుగు పక్కన ఎప్పుడూ సరిసంఖ్యే ఉంటుంది, అది కచ్చితంగా భాగాలకు లొంగుతుంది. ఐదువేల నాలుగు అయితే ముప్పై ఆరు వరుసలు, వరుసకు నూట ముప్పై తొమ్మిది.

"బ్లాకులో ఇంకో చెట్టు ఏమన్నా ఉన్నదా?" అని అడిగాను.

"వాగు దిక్కు ఒక తునికిచెట్టు ఉన్నది సార్. రేపు కొట్టనీకి మిషన్ మనిషిని పిలిచిన."

"ఎవరిదది?"

"ఎవలది కాదు సార్. అడవిల చెట్టు."

"ఎవరిదో ఒకరిది ఉంటుంది" అన్నాను. "రెండు అని రాయమ్మా."